భూమి అమ్మేటప్పుడు మధ్యన నిలబడే మనిషి



ఈసారి పోస్టు పొడుగున్నది. పొద్దుగూకినంక తీరిగ్గా చదవండి. పత్తి ధర గురించి కాదు, యూరియా గురించి కాదు. భూమి అమ్మకం గురించి, అమ్మేటోనికీ కొనేటోనికీ మధ్యన నిలబడే మనిషి గురించి. మన భువనగిరి దిక్కు ఇప్పుడు ప్రతి ఊర్లో ఇదే ముచ్చట కదా.

పోయిన నెల మా పక్క గెట్టు తమ్ముడు ఇంటికొచ్చిండు. ఎకరం 20 గుంటలు అమ్ముతున్నడు. "అన్నా, సాక్షి సంతకం నువ్వే పెట్టాలె, ఎల్లుండి స్లాట్ బుక్ అయింది" అన్నడు. కాగితాలు చూపియ్యరా అంటే, "అన్నీ బ్రోకర్ చూసుకుండు, నువ్వు సంతకం పెడితే చాలు" అన్నడు. నేను పెట్టనన్న. వాని మొహం మాడింది. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినోళ్లం, ఒక్క సంతకానికి ఇంత చేస్తడా అనుకున్నడు.

నేను ఎందుకు పెట్టనన్ననో చెప్పాలంటే 30 ఏళ్ల కింద నేను పెట్టిన ఒక సంతకం గురించి చెప్పాలె. దానికన్నా ముందు, అసలు ఈ సాక్షి, ఈ మధ్యవర్తి అనే మనిషి మన భూముల చరిత్రలో ఎక్కడి నుంచి వచ్చిండో చెప్పాలె. అది తెలిస్తేనే నేను చెప్పేది అర్థమైతది.

ముందు మన గుట్ట దగ్గరి నుంచే మొదలుపెడతా. భువనగిరి కోటను మనం రోజూ చూస్తం. ఆ పేరు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని నుంచి వచ్చింది. ఆయన కళ్యాణి చాళుక్య రాజు, ఆరో విక్రమాదిత్యుడు, 1076 నుంచి 1126 దాకా ఏలిండు. మన పక్కనున్న కొలనుపాక అప్పట్లో వాళ్లకు పెద్ద పట్టణం. ఆ రాజు కొలువులోనే విజ్ఞానేశ్వరుడు అనే పండితుడు ఉండె. ఆయన రాసిన మితాక్షర అనే పుస్తకాన్నే హిందువుల ఆస్తి పంపకాలకు దేశంలో చాలా భాగం ఇప్పటిదాకా ఆధారంగా తీసుకున్నది. కోర్టుల్లో లాయర్లు 'మితాక్షర కుటుంబం' అంటరు చూడండి, అది ఇదే.

ఆ పుస్తకంలో భూమి చేతులు మారడానికి ఆరు కావాలని ఉంది. ఊరోళ్ల సమ్మతి, జ్ఞాతుల సమ్మతి, పక్క పొలాలోళ్ల సమ్మతి, వారసుల సమ్మతి, ఆ మీద బంగారం, నీళ్లు. చివరి రెండూ ధారపోసే పద్ధతి. మొదటి నాలుగు చూడండి. నాలుగూ మనుషులే. ఊరోళ్లు ఎందుకంటే అమ్మకం నలుగురికీ తెలవాలని. గెట్టోళ్లు ఎందుకంటే రేపు హద్దు మీద తకరారు రావద్దని. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు, ఆ పండితుడే ఇచ్చిన కారణాలు. అంటే 900 ఏళ్ల కిందనే మనోళ్లకు ఒకటి తెలుసు: భూమి మూటగట్టి తీసుకపోయే సరుకు కాదు. అది ఉన్నకాడనే ఉంటది, దాని సంగతి తెలిసిన మనుషుల నోటి మీదనే అది చేతులు మారుతది.

ఆ నాలుగు సమ్మతుల్లో రెండు గుణాలు దాగున్నయి. ఒకటి అనుభవం, అంటే ఆ భూమి సంగతి ఎరిగి ఉండుడు. రెండోది నిజాయితీ, ఎరిగింది ఎరిగినట్టు చెప్పుడు. కాడికి రెండెడ్లు ఉన్నట్టు. ఒకటి లేకపోయినా దున్నకం సాగదు. ఈ రెండూ మన దగ్గర ఎట్ల విడిపోయినయో అదే ఈ చరిత్ర.

ఇప్పుడు నిజాం కాలానికి వద్దాం. 1853లో సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి తాలూకాలకు తాలూకాలు గుత్తకు ఇచ్చే పద్ధతి ఉండె. ఎవడు ఎక్కువ పాడితే వాడు రైతు దగ్గర పిండుకునేటోడు. ఆయన దాన్ని తీసేసి, 1865లో జిల్లాలు ఏర్పాటు చేసిండు. తర్వాత భూములు కొలిచి, సర్వే నంబర్లు వేసి, రాళ్లు పాతిండ్రు. అప్పుడు తయారైన మొదటి రిజిస్టరే సేత్వార్. ఇప్పటికీ పెద్ద తకరారు వస్తే కోర్టు సేత్వార్ తెమ్మంటది.

ఊర్లో ఈ లెక్కంతా ముగ్గురి చేతుల్లో ఉండె. శిస్తు వసూలుకు మాలీ పటేల్, తగాదాలకు పోలీస్ పటేల్, రాతకోతలకు పట్వారీ. ఇవి వతన్ కొలువులు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చేటియి. పట్వారీకి ఏ నంబర్ల ఎన్ని గుంటల పోట్‌ఖరాబ్ ఉందో, ఏ బాయి ఎవని వాటాల ఉందో, ఎవని తాత ఎవనికి కుదవ పెట్టిండో నోటికి వచ్చేది. అనుభవం అంటే అది. మరి నిజాయితీ?

మన నల్లగొండ జిల్లాల పుట్టినోనికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు. లెక్క ఉర్దూలో ఉండె, రైతుకు తెలుగు కూడా రాకపాయె. శిస్తు కట్టలేదని, అప్పు తీర్చలేదని భూమి దొరల పేరు మీదికి, పట్వారీల పేరు మీదికి మారిపోయేది. దున్నేటోనికి దున్నినంక గాని తెల్వకపోయేది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంల ఊర్లల్ల దస్తాలు తగలబెట్టిండ్రంటే ఊరికే కాదు. అనుభవం ఉండి నిజాయితీ లేని మనిషి మధ్యన నిలబడితే ఏమైతదో మన తాతలు చూసిండ్రు. అందుకే పాతకాలమే బంగారం అని నేను అనను. మీరూ అనకండి.

పోలీస్ చర్య తర్వాత 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలోనే వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చిండు. భూదాన ఉద్యమం అక్కడ పుట్టింది. 1954-55లో ఊరూరా తిరిగి ఎవరి భూమి ఎవరి సాగులో ఉందో రాసుకున్నరు. అదే ఖాస్రా పహాణీ. ఆ సంవత్సరం ఫసలీ లెక్కల 1364. ఫసలీకి 590 కలుపుకుంటే ఇంగ్లీషు సంవత్సరం వస్తది, పాత కాగితం చూసేటప్పుడు పనికొస్తది, గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ ఒక సంగతి. భూమి మంచిదా కాదా అనేది మన్నును చూస్తే తెలుస్తది. అమ్మొచ్చా అమ్మొద్దా అనేది మన్నును చూస్తే తెల్వది. భూదాన భూమిని సాగు చేసుకోవచ్చు, పిల్లలకు ఇయ్యొచ్చు, అమ్మరాదు. సర్కారు పేదోళ్లకు పంచిన అసైన్డ్ భూమి కూడా అంతే, 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. ఇనాం భూమిది ఒక లెక్క, రక్షిత కౌలుదారు ఉన్న భూమిది ఇంకో లెక్క. చేను పక్కపక్కనే ఉంటది, ఎర్రమన్ను ఒక్కతీరే ఉంటది. తేడా అంతా రికార్డులో ఉంటది. ఈ తేడా తెలిసినోడే భూమి అమ్మకంలో అనుభవం ఉన్నోడు. తెలిసి చెప్పేటోడే నిజాయితీ ఉన్నోడు.

1984 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం పటేల్ పట్వారీ కొలువులు, ఆంధ్ర దిక్కు కరణం మునసబు కొలువులు ఒక్క ఆర్డినెన్స్‌తో తీసేసింది. మా ఊర్ల ఆనాడు డప్పు కొట్టిండ్రు. నాకు 13 ఏళ్లు, నేనూ ఎగిరిన. ఆ తీసేసుడు న్యాయమే. కాని వతన్‌తోని పాటు వందేళ్ల జ్ఞాపకం కూడా ఊర్ల నుంచి పోయింది. ఆ జ్ఞాపకాన్ని రాసి పెట్టుకోవాలని ఎవరికీ తట్టలే. తర్వాత వచ్చిన ఉద్యోగి వేరే ఊరోడు, మూడేండ్లకు బదిలీ అయ్యేటోడు. మంచోడైనా సరే, ఏ బండ కింద ఏ హద్దు ఉందో ఆయనకెట్ల తెలుస్తది?

ఆ ఖాళీలోకి సాదా బైనామా వచ్చి కూసున్నది. బైనామా అంటే అమ్మకపు పత్రం. సాదా అంటే ఉత్త కాగితం. అంతకు ముందు కూడా ఉండె గాని, మా ఈడోళ్లకు తెలిసిన అమ్మకం అంటే అదే. 100 రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మితే రిజిస్ట్రేషన్ కావాల్సిందే అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తది, 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెప్తది. కాని భువనగిరి పోవాలె, స్టాంపులు కొనాలె, రెండు దినాల కూలి పోగొట్టుకోవాలె. ఎందుకని పెద్దమనుషుల ముందట తెల్లకాగితం మీద రాసుకునేటోళ్లం. నలుగురు సాక్షులు, నాలుగు హద్దులు, వేలిముద్ర, అయిపోయింది.

1994 ఎండాకాలంల మా ఊర్ల అట్లాంటి కాగితం ఒకటి రాసిండ్రు. కొన్నాయన నాకు మేనమామ వరుస. ఎకరం 30 గుంటల చెల్క, 18 వేలు. ఒక జత ఎడ్లను అమ్మిండు, అత్తమ్మ మెడల పుస్తెలతాడు కుదవ పెట్టిండు. నేను అప్పటికి ఇంటర్ పాసై ఊర్లనే ఉన్న. నా దస్తూరి బాగుంటదని కాగితం నాతోనే రాయించిండ్రు. రాసి, కింద సాక్షిగా సంతకం కూడా పెట్టిన. 51 రూపాయలు, తువ్వాల ఇచ్చిండ్రు. మస్తు సంబరపడ్డ. పెద్దమనిషిని అయిన అనుకున్న.

కాగితం రాస్తుండంగ పాత పట్వారీ అటు దిక్కు పోతున్నడు. కొలువు పోయి పదేండ్లయింది, ముసలాయన. ఆగి, "ఏ నంబరురా?" అన్నడు. చెప్పిన. "లావుణి పట్టా చూసుకున్నరా?" అన్నడు. మధ్యవర్తి నవ్వి, "మీ కాలం పోయింది దొరా" అన్నడు. అందరం నవ్వినం. నేనూ నవ్విన. లావుణి అంటే ఏందో నాకు తెల్వదు. తెల్వదని అడగడానికి నాకు నామోషీ. ఇంటర్ చదివినోన్ని కదా.

ఆ భూమి సర్కారు పంచిన భూమి. అమ్మిన మనిషికి తెలుసు. మధ్యవర్తికి తెలుసు, రెండు దిక్కులా కమీషన్ తీసుకున్నడు. తెల్వనిది కొన్న మామకు, రాసిన నాకు.

ఒక మాట కూడా చెప్పాలె, ఎవరూ తప్పుగా అర్థం చేసుకోవద్దు. లావుణి పట్టాలన్నీ ఒక్క తీరు కాదు. 1958 తర్వాత ఇచ్చినవాటిల అమ్మరాదనే షరతు ఉంటది. అంతకు ముందు ధర కట్టించుకొని ఇచ్చినవాటిల అమ్ముకోదగ్గవి ఉన్నయి. పట్టా కాగితం తీసి, ఎప్పుడు ఇచ్చిండ్రు, ఏ షరతు మీద ఇచ్చిండ్రు చదవాలె. ఆనాడు ఆ ముసలాయన అడిగింది ఆ కాగితం గురించే. మామ కొన్నది షరతు ఉన్నది.

ఇరవై ఏండ్లు ఏమీ కాలే. మామ దున్నుకున్నడు, పహాణీల అనుభవదారుగా పేరు ఎక్కింది. అందరికీ చూపించుకున్నడు. 2017 చివర్ల రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018ల కొత్త పాసుపుస్తకాలు, రైతుబంధు చెక్కులు వచ్చినయి. ఊరంతా లైన్ల నిలబడ్డది. మామకు పుస్తకం రాలే. ఆయన భూమి నిషేధిత జాబితాల ఉంది. సాదా బైనామాలకు 2020 చివర్ల దరఖాస్తులు తీసుకున్నరు. మామూలు పట్టా భూమి అయితే 13-బి సర్టిఫికెట్ వస్తదన్న ఆశ అన్నా ఉంటది. అసైన్డ్ భూమికి అదీ లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలే. "నువ్వు చదువుకున్నోనివి కదరా, చూసినవనుకున్న" అన్నడు, అంతే. ఆ మాట ఇప్పటికీ పొలంకాడ యాదికొస్తది.

ఇక బ్రోకర్ల కాలం. 1998 నుంచి రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చినయి, రిజిస్ట్రేషన్ గంటల్ల అయిపోయేటట్టు అయింది. 2000 దాటినంక హైదరాబాద్ మన దిక్కు నడిచి వచ్చింది. ఎకరాలల్ల మాట్లాడే మనం గజాలల్ల మాట్లాడుడు నేర్చుకున్నం. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840 గజాలు. టీ కొట్టోడు, ఆటో నడిపేటోడు, ఆర్‌ఎంపీ డాక్టర్, అందరూ బ్రోకర్లే. నేను వాళ్లను తిట్టడానికి రాస్తలేను. కష్టపడి, పది ఆఫీసులు తిరిగి, మంచి చెడ్డ చెప్పి అమ్మిపెట్టేటోళ్లు కూడా ఉన్నరు. అట్లాంటోనికి నూటికి రూపాయో రెండు రూపాయలో ఇయ్యడంల తప్పే లేదు. కాని ఫోన్ల ఫొటో పంపుడు తప్ప ఏమీ తెల్వనోడు మనకూ కొనేటోనికీ మధ్యన నిలబడితే, అనుభవమూ లేదు, నిజాయితీ ఉందో లేదో తెల్వదు.

వాళ్లు చేసే పనుల్లో రెండు మీరు గుర్తుపట్టాలె. ఒకటి 'పై రేటు'. మనకు ఎకరానికి 40 లక్షలు చెప్తరు, కొనేటోనికి 46 చెప్తరు అనుకుందాం. మధ్యన 6 లక్షలు జేబుల పడతయి. ఇది తెలివి అనుకుంటరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం చదవండి. మన తరఫున పనిచేసే ఏజెంట్ మనకు చెప్పకుండా ఆ వ్యవహారంలో సొంత లాభం చూసుకుంటే, ఆ లాభాన్ని మనం అడిగి తీసుకునే హక్కు ఉంది. 150 ఏండ్ల కిందనే రాసిండ్రు. మనకు ఎవ్వరూ చెప్పలే.

రెండోది అగ్రిమెంట్ తిప్పుడు. కొంచెం బయానా ఇచ్చి, అగ్రిమెంటో, జీపీఏనో రాయించుకొని, అదే కాగితం మీద ఇంకొకనికి, వాడు ఇంకొకనికి. మన భూమి మనకు తెల్వకుండ నాలుగు చేతులు తిరుగుతది. 2011ల సుప్రీంకోర్టు సూరజ్ లాంప్ కేసుల తేల్చి చెప్పింది, జీపీఏ మీద అమ్మకంతో హక్కు మారదు, రిజిస్టర్ అయిన సేల్ డీడ్‌తోనే మారతదని. అయినా ఇప్పటికీ నడుస్తనే ఉంది.

ప్లాట్లకు, అపార్ట్‌మెంట్లకు 2016ల రెరా చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ను అమ్మాలంటే రెరాల నమోదు కావాలె. ఆ వెంచర్లు అమ్మే ఏజెంట్ కూడా నమోదు కావాలె. అబద్ధం చెప్పి అమ్మరాదని చట్టంల ఉంది. మంచిదే. కాని మన వ్యవసాయ భూమి ఎకరం రెండెకరాలు అమ్మే మధ్యవర్తికి ఇది వర్తించదు. అంటే పట్నపోనికి ప్లాటు అమ్మేటోని మీద ఒక కన్ను ఉంది గాని, మన చేను అమ్మిపెట్టేటోని మీద ఎవ్వని కన్నూ లేదు. మన కన్నే ఉండాలె.

2020 సెప్టెంబర్‌ల వీఆర్వో కొలువులు కూడా రద్దయినయి, అక్టోబర్ 29న ధరణి మొదలైంది. తహసీల్ ఆఫీసులనే రిజిస్ట్రేషన్, వెంటనే పేరు మార్పిడి. పని తొందరగా అయింది, అది ఒప్పుకోవాలె. కాని పహాణీల ఉన్న అనుభవదారు కాలం పోయింది. ఆ మాట ఎప్పుడైనా ఆలోచించిండ్రా? అనుభవదారు అంటే భూమి మీద ఉన్నోడు. అనుభవం అంటే ఎరుక. మన భాషల రెండిటికీ ఒక్కటే మాట. భూమి మీద ఉన్నోనికే భూమి ఎరుక అని మన పెద్దోళ్లకు తెలిసే ఆ మాట వాడిండ్రు. తెర మీద పట్టాదారు పేరు కనబడుతది, చేనుల ఎవడున్నడో కనబడదు. పట్నంల కూసున్నోడు తెర చూసి కొంటడు, ఇక్కడికి వచ్చి చూస్తే చేనుల ఇంకొకని నాగలి ఉంటది.

2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జత చెయ్యాలని చట్టంల రాసిండ్రు. ఊరికి గ్రామ పాలన అధికారిని పెడుతున్నరు. ఊర్ల మళ్లా ఒక మనిషి కావాలని సర్కారుకు కూడా తెలిసొచ్చిందన్నమాట. ఆ వచ్చినోడు ఊరిని ఎరగడానికి టైం పడుతది. అంతదాక ఊరిని ఎరిగినోళ్లం మనమే.

ఇప్పుడు మా తమ్ముని సంగతికి వస్త.

నేను సంతకం పెట్టనన్న తర్వాత వాడు రెండు దినాలు మాట్లాడలే. మూడోనాడు నేనే పోయిన. "నీ స్లాట్ నాలుగు దినాలు జరుపు, నీ కాగితాలు నేను చూస్త, నాకు రూపాయి వద్దు" అన్న. ఇద్దరం తహసీల్ ఆఫీసుకు పోయినం. ఖాస్రా పహాణీ నకలు తీయించినం. వాళ్ల తాత పేరు సరిగ్గనే ఉంది, పట్టా భూమే. ఈసీ తీసినం, బ్యాంకుల కుదవ లేదు. సర్వేయర్‌తోని కొలిపించినం, 2 గుంటలు బాటల పోయింది. బ్రోకర్ కొనేటోనికి ఆ 2 గుంటలకు కూడా లెక్క కట్టి చెప్పిండు.

అసలు సంగతి అది కాదు. వాళ్ల నాయిన పోయినంక ఫౌతీల భూమంతా వీని ఒక్కని పేరు మీద ఎక్కింది. వీనికి అక్క ఉంది, ఆలేరు దిక్కు ఇచ్చిండ్రు. ఆమె సంతకం ఎక్కడా లేదు. తాత నుంచి వచ్చిన భూమి. మితాక్షర రాసిన కాలంల ఆడబిడ్డకు కొడుకుతో సమానంగ వాటా లేదు. మన రాష్ట్రంల 1985 సెప్టెంబర్ నుంచి అప్పటికి పెండ్లి కాని బిడ్డలకు ఇచ్చిండ్రు. 2005 సెప్టెంబర్ నుంచి దేశమంతా పెండ్లి అయిన బిడ్డలకు కూడా కొడుకుతో సమానంగ వచ్చింది. 2020ల సుప్రీంకోర్టు ఇంకా గట్టిగ చెప్పింది. వారసుల సమ్మతి అనే మాట 900 ఏండ్ల నుంచి ఉంది, వారసులంటే ఎవరన్నదే మారింది.

బ్రోకర్ ఏమన్నడో తెలుసా? "పుస్తకంల ఆమె పేరు లేదు కద, రిజిస్ట్రేషన్ అయిపోతది" అన్నడు. నిజమే, అయిపోతది. రిజిస్ట్రేషన్ చేసేటోళ్లు మన హక్కుకు పూచీ ఇయ్యరు. రేపు ఆమె కోర్టుకు పోతే కొన్నోడు మునుగుతడు, అమ్మినోన్ని పట్టుకుంటడు, సాక్షి సంతకం పెట్టినోడు మెట్లెక్కాలె. అమ్మేటోనికి తెలిసిన లోపం, కొనేటోడు మామూలుగ చూస్తే కనబడనిది, చెప్పి తీరాలని ఆ 1882 చట్టంలనే ఉంది. దాచిపెట్టుడు తెలివి కాదు, మోసం కిందికి వస్తది.

తమ్ముడు, "అక్కకు చెప్తే వాటా అడుగుతది" అన్నడు. "అడుగుతది. అందుకే చెప్పాలె" అన్న.

అక్క వచ్చింది. సినిమాల లెక్క కన్నీళ్లు పెట్టుకొని నాకేం వద్దు అనలే. బిడ్డ నర్సింగ్ చదువుతున్నదట, ఫీజుకు కావాలె, నా వాటా నాకియ్యి అన్నది. రెండు దినాలు ఇంట్ల లొల్లి అయింది. పెద్దోళ్లం కూసోబెట్టి మాట్లాడినం. పెండ్లికి పెట్టిన కట్నం లెక్కలు బయటికి వచ్చినయి, అనొద్దని మాటలు అనుకున్నరు. చివరికి ఒక లెక్కకు ఒచ్చిండ్రు. కొనేటోనికి అన్నీ చెప్పినం, బాటల పోయిన 2 గుంటలు కూడా. ఆయన 2 గుంటల పైసలు తగ్గించుకున్నడు, రేటు తగ్గించలే. "ఇట్ల ముందే చెప్పినోళ్లను నేను చూడలే" అన్నడు. పోయిన వారం రిజిస్ట్రేషన్ అయింది. అక్కా తమ్ముడూ ఇద్దరూ సంతకం పెట్టిండ్రు. సాక్షి సంతకం నేను పెట్టిన. ఈసారి పెట్టేటప్పుడు చెయ్యి వణకలే.

తమ్మునికి చేతికి వచ్చింది అనుకున్నదానికన్న తక్కువ. నాతోని మాట్లాడుతున్నడు గాని మునుపటి లెక్క లేదు. ఉండదు. ఊర్ల ఉన్నది ఉన్నట్టు చెప్పినోనికి ఆ ఖర్చు ఉంటది. అది కూడా లెక్క కట్టుకొనే చెప్పాలె.

మీరు అమ్మినా, కొన్నా, ఎవరికన్న సాక్షిగ పోయినా ఈ కొన్ని చూసుకోండి. సేత్వార్, ఖాస్రా పహాణీ నకళ్లు తియ్యండి, అక్కడి నుంచి ఇప్పటిదాక పేరు ఎట్ల మారుకుంట వచ్చిందో వరుస కలవాలె. ఎక్కడన్న సర్కారు, భూదాన్, ఇనాం, లావుణి అని కనబడితే ఆగండి, పట్టా కాగితం చదవండి. నిషేధిత జాబితాల నంబర్ ఉందేమో చూడండి. ఈసీ తియ్యండి. ఇంటి ఆడబిడ్డలతో సహా వారసులందరి సంతకం అడగండి. చేనుకాడికి పోయి గెట్టోళ్లను నలుగురిని అడగండి, ఒక్కొక్కన్ని వేరేగ అడగండి. మధ్యవర్తి కమీషన్ ఎంత, ఎవరి దగ్గర తీసుకుంటున్నడు, ముందే కాగితం మీద పెట్టించండి. కొనేటోనితోని ఒక్కసారన్న ఎదురుంగ కూసొని రేటు మాట్లాడండి. కూసోనియ్యని బ్రోకర్‌ను నమ్మకండి.

ఊర్లల్ల ఇంకా 80 ఏండ్ల ముసలోళ్లు ఉన్నరు. ఏ తుమ్మచెట్టు కాడ ఏ హద్దురాయి ఉండెనో వాళ్లకు తెలుసు. వాళ్లతో పొలానికి పోయి, చెప్పింది రాసిపెట్టుకోండి. 1984ల ఆ పని మనం చెయ్యలే.

మామకు ఇప్పుడు 72 ఏండ్లు. పోయిన జూన్‌ల మా ఊర్ల రెవెన్యూ సదస్సు పెడితే నేనే తోలుకపోయిన. అర్జీ నేనే రాసిన. అందుల, ఈ భూమి అమ్మరానిదని చూసుకోకుండ 1994ల కాగితం రాసింది, సాక్షి సంతకం పెట్టింది నేనే అని కూడా రాసిన. అధికారి చదివి నా మొహం దిక్కు చూసిండు. ఇంకా జవాబు రాలే. వచ్చినా చట్టం ఆయన దిక్కు లేదని నాకు తెలుసు. మామకు కూడా చెప్పిన. ఈసారి చూసే చెప్పిన.